మోకు, దోర, వగరు

స్నేహితులు నాసిక్ వెళ్తే వైన్ తోటలు చూసి, రుచి చూసి, అక్కడే భోజనం చేసి వస్తారు. మా అల్ ఐన్‌లో ఖర్జూరం తోటలు ఉన్నాయి. జులైలో ఒక ఎమిరాతీ కుటుంబం, గుడిలో సేవ చేసే మా నలుగురినీ తమ తోటకు భోజనానికి పిలిచింది.

ఇక్కడి ఒయాసిస్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1,200 హెక్టార్లు, 1,47,000కు పైగా ఖర్జూరం చెట్లు, ఫలజ్ కాలువల నీళ్ళు, 2011లో యునెస్కో గుర్తింపు. నేను చెప్పాలనుకున్నది అది కాదు.

పసుప్పచ్చగా, గట్టిగా ఉన్న కాయ ఒకటి కొరికాను. నాలుక పట్టేసింది. ఆ రుచికి తెలుగు మాట రాలేదు. నాది ఇంగ్లీషు మీడియం చదువు. తెలుగు చదవడం అరవై దాటాక నేర్చుకున్నాను.

"వగరు సార్. గిది ఇంకా దోరగున్నది, మెత్తబడితే తీపైతది" అన్నాడు చెట్టు కింద ఉన్న కుర్రాడు. జగిత్యాల వైపు అతను. మెత్తబడిన పండును అరబ్బులు రుతబ్ అంటారు, ఎండితే తమర్. నేను వాళ్ళ మాటలు రెండూ నేర్చుకున్నాను గాని, మన 'దోర' నాకు తెలియదు!

చెట్టు ఎక్కే తాడును ఇక్కడ హాబూల్ అంటారు. అతను మోకు అన్నాడు. వాళ్ళ నాన్న ఈత చెట్లు గీసేవాడట. ఈత, ఖర్జూరం ఒకే జాతి చెట్లు. మగ చెట్టును అతను 'పోతు' అన్నాడు. నేను ఆకు అంటే, "ఆకు గాదు సార్, మట్ట" అని నవ్వాడు.

మనం యాప్‌లకు డబ్బు కడతాం, ఆన్‌లైన్ టీచర్లను వెతుకుతాం. ఇన్నేళ్ళుగా ఇలాంటి తెలుగువాళ్ళతో నేను హిందీలోనే మాట్లాడాను. నా తెలుగు విని నవ్వుతారని భయం. కొంచెం హోదా కూడా, ఒప్పుకుంటున్నాను. "వాళ్ళ యాస నేర్చుకోకూడదు" అని నాకు సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఏ యాసా లేని నాకు ఆ సలహా ఎందుకో! మాట దొరికే చోట నేర్చుకోవాలి, అడిగి మరీ నేర్చుకోవాలి అంటాను నేను.

12:30కి ఎండ వల్ల పని ఆపారు. ఈ నెలల్లో అది ఇక్కడి చట్టం. ఇంటి పెద్ద అతన్నీ మాతో పాటు చాప మీద కూర్చోబెట్టాడు. నన్ను సార్ అనొద్దన్నాను.

"మరి పెద్దనాయినా అంటే పలుకుతరా?" అన్నాడు.

పలికాను.