బట్టలకు గది వద్దు, గోడలో చోటివ్వండి

ఇల్లు కట్టుకుంటున్న, కట్టుకోబోతున్న కృష్ణా డెల్టా సోదర సోదరీమణులకు విజ్ఞప్తి!

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వీధుల్లో నడుము లోతు మొదలుకొని కొన్నిచోట్ల మనిషి మునిగేంత నీరు నిలిచింది. వారం దాటినా దిగని వీధులున్నాయి. నీరు తీశాక ప్రతి ఇంటి ముందూ కుప్పపోసిన సామాను మనమంతా చూశాం. పరుపులు, ఉబ్బి పగిలిపోయిన చెక్కపొట్టు కప్‌బోర్డులు, తుప్పుపట్టి తలుపు రాని ఇనప బీరువాలు, వాటిలోంచి తీసి ఎండలో ఆరబెట్టిన పెళ్ళి పట్టుచీరలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు.

ఆ వరదకు ప్రభుత్వం కింది అంతస్తు ఇంటికి 25 వేల రూపాయలు, పై అంతస్తులకు 10 వేలు సాయం ప్రకటించింది. ఎత్తును బట్టే నష్టం ఉంటుందని ఆ లెక్కే చెబుతోంది. మన ఇంట్లో ఏ వస్తువు ఎంత ఎత్తులో ఉండాలన్నది మాత్రం ఇల్లు కట్టే రోజున ఎవరూ అడగడం లేదు. ఆ ప్రశ్న అడగమని చెప్పడానికే ఈ కరపత్రం.

ఇప్పుడు కట్టే ఇళ్ళలో ఏం జరుగుతోంది?

పోరంకి, కానూరు, గొల్లపూడి వైపు కొత్త ప్లాన్లలో పెద్ద పడగ్గదిలోంచి స్నానాలగదికి వెళ్ళే దారిలో ‘వాక్-ఇన్ వార్డ్‌రోబ్’ కనిపిస్తోంది. బట్టల కోసమే ఒక చిన్న గది. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళినప్పుడు వాళ్ళ ఇళ్ళలో దాన్ని చూసి ముచ్చటపడ్డాం. అక్కడ దానికి తగిన కారణాలున్నాయి. ఆ ఇళ్ళకు చెక్క చట్రాలు, జిప్సం పలకల గోడలు. ఒక గదిని అడ్డం కొట్టి రెండు చేయడం తేలిక. ఎండాకాలం ఇల్లంతా ఏసీ, చలికాలం ఇల్లంతా హీటర్. గాలిలో తడి నిలవదు. కిటికీ లేని గదిలో పెట్టినా బట్టకు చెమ్మ పట్టదు.

మన నేల వేరు. నది ఒక పక్క, సముద్రం ఇంకో పక్క, ఊరి మధ్యలో మూడు కాలువలు. వానాకాలం మొదలైన దగ్గర నుంచి తుపాన్ల కాలం ముగిసేదాకా గాలిలో తడి తగ్గదు. కాలి కింద నల్లరేగడి. తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ మట్టి గోడల్నీ కదిలిస్తుంది, పునాదిలోంచి చెమ్మనూ పైకి పంపుతుంది. ఇలాంటి చోట కిటికీ లేని గదిలో, అదీ గీజరు ఆవిరి వచ్చే స్నానాలగది పక్కన బట్టలు పెడితే బూజు పడుతుంది, జరీ నల్లబడుతుంది, చెదలు పట్టినా ఆలస్యంగా గాని కంటబడవు.

చోటు లెక్క చూడండి

6 అడుగుల గోడకు 2 అడుగుల లోతు అలమర కడితే పోయేది 12 చదరపు అడుగులు. అదే 6 అడుగుల అలమరను గదిగా చేస్తే మనిషి నిలబడి తిరగడానికి ఇంకో 3 అడుగులు కావాలి. మొత్తం 30 చదరపు అడుగులు. అంటే నడిచే దారికే 18 పోయాయి. మడతపెట్టే బట్టలకైతే ఒకటిన్నర అడుగు లోతు చాలు. గోడ అలమరకు ఖర్చయ్యే చోటు ఇంకా తగ్గుతుంది.

ఆ 18 అడుగులు చిన్న మాట కాదు. పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ళ కొలతలు 300, 365, 430 చదరపు అడుగులు. అలాంటి ఇంట్లో అది ఒక వంటగట్టు, ఒక దేవుడి మూల, పిల్లవాడు చదువుకునే బల్ల. రెండు సెంట్ల స్థలంలో మేడ కట్టుకునేవారికీ ఇదే వర్తిస్తుంది.

మనకు తెలియని విద్యేం కాదిది

పాత మండువా ఇళ్ళను గుర్తు చేసుకోండి. అడుగున్నర మందం గోడల్లో గూళ్ళు, టేకు తలుపుల అలమర్లు, పైన అటక. గోడలు సన్నబడ్డాక, శ్లాబు ఇళ్ళు వచ్చాక కూడా మన తాపీమేస్త్రీలు కడప బండలు అరలుగా వేసి అలమర్లు కట్టారు. నీటికి ఆ బండ ఉబ్బదు. చెద పట్టదు. వరద దిగాక కడిగి ఆరబెడితే మళ్ళీ వాడుకోవచ్చు. చెక్కపొట్టు పలక అలా కాదు. ఒక్కసారి నీళ్ళు తాగితే ఇక పనికిరాదు.

ఎలా కట్టించుకోవాలి?

1. చోటు ముందే నిర్ణయించండి. ఇటుక పని మొదలుకాకముందే ప్లానులో అలమర గుర్తు పెట్టించండి. గోడలు లేచాక అడిగితే మిగిలేది చెక్కపెట్టె మాత్రమే.

2. ఇంటి లోపలి గోడ మంచిది. స్నానాలగది గోడ, వానజల్లు కొట్టే గోడ వద్దు. పడమటి గోడే మిగిలితే బయటివైపు నీరు పట్టకుండా ప్లాస్టరింగ్ గట్టిగా చేయించండి. ఎండ వేడిని అలమర కొంత ఆపుతుంది కూడా. నైరుతిలో బరువుండాలని వాస్తు పాటించేవారికీ ఇబ్బంది లేదు.

3. నేలకు ఆనించి బట్టలు పెట్టవద్దు. కింది అరలో తడిసినా పాడవని స్టీలు, ఇత్తడి సామాను ఉంచండి. బట్టల అర నేలకు రెండడుగుల పైన మొదలవ్వాలి.

4. తలుపు ఎత్తు దాటి, ఏడడుగుల పైన అటక కట్టించండి. దస్తావేజులు, సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో అక్కడే ఉంచండి. వాటి నకళ్ళు డిజిలాకర్‌లోనూ ఉంచుకోండి.

5. తలుపులకు గాలి ఆడే రెక్కలో, కిందా పైనా సందో ఉండాలి. ప్లైవుడ్ తప్పదనుకుంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది కొనండి. మరిగే నీటిలోనూ జిగురు విడిపోకూడదన్నది ఆ రకానికి పెట్టిన పరీక్ష. పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లలో కాకుండా నూలు గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు మడత మార్చండి.

‘మా ఇల్లు మెరక మీద ఉంది, మాకు వరద రాదు’ అనేవారికి ఒక మాట. చెమ్మ మెరకనూ వదలదు. ‘పై అంతస్తులో ఉంటాం, చోటు కూడా ఉంది, బట్టల గది మాకిష్టం’ అనేవారు కట్టుకోండి. రెండు నియమాలు మాత్రం తప్పవద్దు: ఆ గదికి బయటికి తెరుచుకునే కిటికీ ఉండాలి, స్నానాలగది తలుపు అందులోకి ఉండకూడదు. ఇక మనిషి మునిగే నీరొచ్చే వీధుల్లో అలమర ఒక్కటే మనల్ని కాపాడదు. బుడమేరు గట్లు, కాలువల వెడల్పు ప్రభుత్వం చూడాల్సిన పని. అది జరిగేదాకా ఆగకుండా మన చేతిలో ఉన్నది మనం చేసుకుందాం.

మేం కోరేది ఇదీ

ఇళ్ళ యజమానులారా! అద్దెకిచ్చే ప్రతి వాటాలో ఒక గోడ అలమర, ఒక అటక కట్టించండి. అద్దెకుండేవారు గోడ పగలగొట్టి కట్టుకోలేరు. వాళ్ళ సర్టిఫికెట్లకు ఎత్తైన చోటు మీరే ఇవ్వాలి.

బిల్డర్లారా, ఇంజనీర్లారా! బట్టల గదిని గొప్పగా చూపే ముందు అది ఎన్ని అడుగులు మింగుతుందో, గాలి ఎటు నుంచి వస్తుందో కొనేవారికి చెప్పండి.

గృహనిర్మాణ అధికారులారా! పేదల ఇళ్ళ నమూనా ప్లాన్లలోనే కడప బండల అలమరను, అటకను చేర్చండి. ఇల్లు చేతికొచ్చాక పేదవాడు అప్పు చేసి బీరువా కొనే అవసరం తప్పుతుంది.

డెల్టా వరదలకు కొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసింది. 2009 అక్టోబరులో కృష్ణ పోటెత్తింది. 2024లో ప్రకాశం బ్యారేజీ గేట్ల గుండా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. మళ్ళీ వచ్చే నీటికి మన జీవితకాలపు కాగితాలు, మన ఆడపిల్లల పట్టుచీరలు నేలమట్టాన దొరకకూడదు. మీ ఇంటి ప్లాను ఇంకా కాగితం మీదే ఉంటే, ఈ వారమే మేస్త్రీని పిలిచి అలమర ఎక్కడో, అటక ఎంత ఎత్తో గీయించండి. గీయించాక ఈ కరపత్రాన్ని పక్కింటివారికి ఇవ్వండి.

– ఇళ్ళు కట్టుకుంటున్న తోటి విజయవాడ వాసులు