ఏ స్టేషన్లో ట్యాంకులుంటాయి?

విడపనకల్లు నుంచి అడుగుతున్నా. మనకెందుకనకండి మిత్రులారా, బళ్ళారి దాటితే తుంగభద్ర, అవతలి ఒడ్డు అప్పటి నిజాం రాజ్యమే. 1948 సెప్టెంబరులో అక్కడికి ట్యాంకులతో సైన్యాన్ని పంపి ‘పోలీసు చర్య’ అన్నారు. ఏ పోలీసు స్టేషన్లో ట్యాంకులుంటాయి?

రజాకార్ల దౌర్జన్యాలు నిజం, చెప్పుకుంటూనే ఉన్నాం. మరి ఆ తర్వాత చంపబడ్డ ముస్లింల సంగతి? నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయాయని అంచనా కట్టింది. కొన్నిచోట్ల సైనికులూ చంపారని రాసింది. సర్కారు ఆ నివేదికను దాచేసింది. దశాబ్దాల తర్వాత ముక్కలుముక్కలుగా పొక్కింది.

చుండూరులో 8 మంది దళితులను నరికితే 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. కాబట్టి కాగితం ఎలా మాయమవుతుందో మనకొకరు నేర్పక్కర్లేదు.

ఏటా సెప్టెంబరు 17న విమోచనా, విలీనమా అని కొట్టుకునే పార్టీలూ, చంపమన్నదెవరు? నివేదికను తొక్కిపెట్టిందెవరు?