బరువు బిడ్డది, బాధ్యత మనది

 

ఈ నెల నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొంటున్నాను. కొన్నేళ్ల క్రితం, పగలు ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతూ సాయంత్రం మా మదర్సాకు వచ్చే ఒక విద్యార్థి ఉండేవాడు. ఒళ్లు భారీగా ఉండటంతో తోటి పిల్లలు అతణ్ణి ‘మోటూ’ అని పిలిచేవారు. ఒకరోజు కింద కూర్చున్నవాడు లేవలేక ఇబ్బంది పడితే తరగతి అంతా నవ్వింది. వారితోపాటు నేనూ నవ్వాను. మరునాటి నుంచి అతడు రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే, “మౌలానా సాబ్, వాడికి చదువంటే ఇష్టమే. ఆ నవ్వులంటేనే భయం” అన్నది తల్లి.

ఒకరినొకరు ఎగతాళి చేసుకోరాదని, చెడ్డపేర్లతో పిలుచుకోరాదని సూరా అల్ హుజురాత్ 11వ ఆయతు నిషేధిస్తోంది. ఆ ఆయతును ఎన్నోసార్లు బోధించిన నేనే దానిని మరిచాను. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సన్నని కాళ్లు చూసి కొందరు నవ్వినప్పుడు, అల్లాహ్ త్రాసులో ఆ కాళ్లు ఉహుద్ పర్వతం కంటే బరువైనవని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని సరిదిద్దారు. సన్నని దేహమైనా, స్థూలదేహమైనా నవ్వులపాలు చేసే హక్కు మనకు లేదు.

అయితే ఎగతాళి వద్దంటే ఉపేక్షించమని అర్థం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం, 5 నుంచి 19 ఏళ్లలోపు వారిలో అధిక బరువు ఉన్నవారు 1990లో 8 శాతం కాగా, 2022 నాటికి 20 శాతానికి చేరారు. ఒకనాడు పెద్దల జబ్బులుగా భావించిన మధుమేహం, రక్తపోటు ఇప్పుడు పిల్లల్లోనూ కనిపిస్తున్నాయి.

దీనికి బిడ్డనే నిందించడం న్యాయమా? సంపాదించేది, సరుకులు తెచ్చేది, వండి వడ్డించేది మనమే. కొసరి కొసరి తినిపించడమే ప్రేమ అనుకొంటాం. బడి నుంచి రాగానే బజ్జీలు, చాయ్‌తో బిస్కెట్లు, బిర్యానీ ఉన్న రోజు కూల్‌డ్రింక్ తప్పనిసరి. 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు ఆరు చిన్న చెంచాల చక్కెర ఉంటుంది. ఆటల పీరియడ్ ట్యూషన్‌కు పోతుంది, రాత్రి నిద్ర ఫోన్‌కు పోతుంది. ఆ తర్వాత, “ఎందుకిలా లావయ్యావు?” అని బిడ్డనే అడుగుతాం!

తినండి, త్రాగండి, కాని మితిమీరకండి అన్నది దివ్య ఖుర్ఆన్ బోధన. కడుపులో మూడోవంతు ఆహారానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు శ్వాసకు ఉంచుకోవాలన్నది ప్రవక్త హితవు. ఇవి ఒక్క బిడ్డకే కాదు, దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్న అందరికీ వర్తిస్తాయి. ఒక్కడి పళ్లెంలో తగ్గించి, అతని ఎదుటే మిగిలినవారు కడుపారా తినడం శిక్ష అవుతుంది, శిక్షణ కాదు. కనుక కూల్‌డ్రింక్ ఇంటికే తేకండి. కూరగాయలు, పప్పు, పండ్లు అందరికీ వడ్డించండి. ఎదిగే వయసు బిడ్డను పస్తులుంచకండి. అవసరమైతే వైద్యుని సలహా తీసుకోండి.

ఈ వయసు పిల్లలకు రోజుకు 60 నిమిషాలైనా ఒంటికి శ్రమ కలిగించే ఆటో, వ్యాయామమో అవసరం. ఆడపిల్లల విషయంలో మరింత శ్రద్ధ వహించండి. ఈడు రాగానే వారి ఆటలు మాన్పిస్తున్నాం. పర్దా దేహాన్ని కప్పమంటుంది కాని, కదలవద్దనదు. మహాప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది. మేడ మీదనో, పెరట్లోనో, తల్లీకూతుళ్లు కలిసి నడవడానికి అడ్డేమిటి?

ఆ విద్యార్థిని తరగతికి పిలిపించి, అందరి ఎదుట క్షమాపణ కోరాను. అతడు తిరిగి వచ్చాడు. నాటి నుంచి అసర్ నమాజుకు మేమిద్దరం దూరపు మస్జిదుకు నడిచి వెళ్లేవాళ్లం. అతని బరువు ఒక్కసారిగా తగ్గలేదు. కాని తల దించుకొని నడవడం మానేశాడు.

సంతానం మన చేతిలోని అమానత్. వారి దేహాన్నీ మనసునూ కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.