కొలవకుండా మొద్దులనకండి

మన తండాల్లో, యానాది కాలనీల్లో, ఎరుకల వాడల్లో బిడ్డకు ఎక్కాలు నిలవకపోతే బడిలో ‘మొద్దు’ అంటారు. నడివయసు మనిషికి చేతులు వణికితే ఆసుపత్రిలో ‘తాగుడు’ అంటారు. ముసలమ్మ ఇంటి దారి మరిచిపోతే ‘వయసు’ అని మనమే అనేస్తాం. ఈ మాటలన్నవాళ్లలో ఆ మనిషి రక్తం పరీక్షించి అన్నవాళ్లు ఎవరు? తాగే నీళ్లు పరీక్షించి అన్నవాళ్లు ఎవరు?

ముందే ఒక సంగతి స్పష్టంగా చెబుతాను. మన పిల్లల మెదళ్లు చెడిపోయాయని నేను అనడం లేదు. అలా అంటే మనల్ని మొద్దులన్నవాళ్లకు ఇంకో సాకు అందించినట్లే. కొలవకుండా తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదంటున్నాను. ఆకలి, వలస, ఇంటి భాష తెలియని బడి మన చదువును తినేస్తున్నాయని అందరికీ తెలుసు. లోహం కూడా తినేయగలదని వైద్యశాస్త్రానికి తెలుసు. మన వాడల్లో మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

సీసం సంగతే చూడండి. శరీరం దాన్ని కాల్షియం అనుకుని లోపలికి రానిస్తుంది. రక్తంలోని విషాలు మెదడుకు చేరకుండా అడ్డుకునే పొర కూడా దాన్ని ఆపలేదు. లోపలికి పోయాక ఒక నరకణం ఇంకో నరకణానికి కబురు పంపే చోట అడ్డుపడుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లల ఒళ్లు 4-5 రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటుంది. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ పీలుస్తుంది. రక్తహీనత ఎవరి ఇళ్లల్లో ఉందో నేను చెప్పనక్కర్లేదు. సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

అది అంతటితో పోదు. ఎముకల్లో చేరి పదుల ఏళ్లు ఉంటుంది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు మళ్లీ రక్తంలోకి దిగి బిడ్డకు చేరుతుంది. ముసలితనంలో ఎముక అరిగేటప్పుడు మరోసారి బయటికి వస్తుంది. పుట్టిన కొత్తలో సీసం ఇచ్చిన కోతులను అమెరికా శాస్త్రవేత్తలు 23 ఏళ్ల వయసులో పరీక్షిస్తే, వాటి మెదళ్లలో అల్జీమర్స్ జబ్బులో కనిపించే మార్పులే కనిపించాయి. మాంగనీసు పొడి పీల్చిన కార్మికులకు పార్కిన్సన్స్ లాంటి నడక, బిగుసుకుపోయిన ముఖం వస్తాయని స్కాట్లండ్ వైద్యుడు కూపర్ 1837లోనే రాశాడు. ఈ జబ్బులకు లోహం ఒక్కటే కారణం కాదు. వయసూ, వంశమూ ఉంటాయి. కానీ లోహం వాటికి తోడవుతుంది. వయసును ఆపలేం, లోహాన్ని ఆపగలం.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. పులివెందుల పక్కన వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గని, శుద్ధి కర్మాగారం 2012లో మొదలయ్యాయి. అక్కడి వ్యర్థాలు టెయిలింగ్ పాండ్‌కు పోతాయి. కొన్నేళ్లకే కనంపల్లె, మబ్బుచింతలపల్లె వంటి ఊళ్ల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని మొరపెట్టుకున్నారు. పాండ్ అడుగున వేయాల్సిన పొర గురించి 2018లో కాలుష్య నియంత్రణ మండలి కూడా నిలదీసింది. తమ వల్ల కాదని కార్పొరేషన్ వాదిస్తోంది.

యురేనియం ముందుగా కిడ్నీలను దెబ్బతీస్తుంది. మెదడు మీద దాని దెబ్బ ఎలుకల్లో కనిపించింది గానీ మనుషుల్లో ఇంకా తేలలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవాలి. కానీ తేలలేదు అంటే లేదని కాదు. లీటరు నీటిలో 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, 60 దాకా ఉండొచ్చని మన అణుశక్తి నియంత్రణ మండలి అంది. లెక్కలు ఏవైనా ఆ నీళ్లు తాగేది కూలికి పోయిన ఆడమనిషీ, ఆమె చంకలోని బిడ్డా.

‘రుజువు తెండి’ అంటారు. జపాన్‌లో మినమట జనమూ ఈ మాట విన్నారు. చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి జాలర్ల మెదళ్లలోకి చేరింది. 1956లో జబ్బు బయటపడింది. 1959లో కంపెనీ డాక్టరే పిల్లి మీద పరీక్ష చేసి ఆ వ్యర్థమే కారణమని చూశాడు. కంపెనీ దాన్ని దాచింది. ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది. ఆ పన్నెండేళ్లూ రుజువు తేవాల్సిన బరువు కాళ్లూ చేతులూ పడిపోయిన జాలర్ల మీదే ఉంది.

పరీక్షలు చేసే దిక్కు లేదంటారా? 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛలతో పడిపోతే రోజుల్లోనే ఎయిమ్స్, నీరి, జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ దిగాయి. ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయంది. చివరికి పురుగుమందుల వైపే నిపుణులు మొగ్గారు. ఆ చర్చ జరగడానికైనా రక్తం తీశారు, నీళ్లు తీశారు, కూరగాయలు తీశారు. అందరూ ఒక్క రోజు పడిపోతే వస్తారు. ఇరవై ఏళ్లలో ఒక్కొక్కరే పడిపోతే ఎవరూ రారు.

కొలిస్తే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూపించింది. అక్కడ పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడిదని వెతుకుతూ పోతే పసుపు దగ్గర ఆగింది. రంగు కోసం సీసం క్రోమేట్ కలుపుతున్నారు. 2019లో మార్కెట్ పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికింది. ప్రభుత్వం దాడులు చేసి, జరిమానాలు వేసి, ఊరూరా చెప్పించింది. 2021కి అది సున్నాకు వచ్చింది. మైదుకూరు పేరు మీద ఒక పసుపు రకమే ఉంది. ఆ పసుపు తవ్వే చేతులు మనవి. రంగు కలిపే అవసరం లేని పంట మనది. మరి మన పిల్లల బడి భోజనంలో పడే పొడిని ఎవరైనా పరీక్షించారా?

కడప జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పెసా చట్టం మనకు వర్తించదు. గ్రామసభ అడ్డం పడే వీలు లేదు. కాబట్టి ఇక్కడి సుగాలీలు, యానాదులు, ఎరుకలవాళ్లు అడిగి తీసుకోవాల్సిందే.

అయివార్లూ, ‘మొద్దు’ అనే మాట రిజిస్టరులో గానీ నోట్లో గానీ ఉంచకండి. దాని బదులు బడి బోరు నీటిలో సీసం, యురేనియం పరీక్ష చేయించమని ప్రధానోపాధ్యాయుడి చేత రాయించండి. మామూలు నీటి పరీక్షలో ఇవి చూడరు, పేరు పెట్టి అడగాలి. యువకులారా, ఫలితాలు సమాచార హక్కు కింద తీసుకుని గోడ మీద అతికించండి. పాత బ్యాటరీలు పగలగొట్టే పని చేసే ఇళ్లల్లో పిల్లలకు, గర్భిణులకు రక్తంలో సీసం పరీక్ష కావాలని పీహెచ్‌సీలో అర్జీ పెట్టండి. బ్యాటరీ పని ఇంటి ముంగిట్లో వద్దని పెద్దలకు చెప్పండి. నీళ్లు కాస్తే లోహం పోదని చెప్పండి. పసుపు కొమ్ములు కొని ఇంట్లో దంచుకోమనండి.

పరీక్షలో ఏమీ లేదని తేలితే అందరికంటే ముందు సంతోషించేది మనమే. అంతవరకు మన పిల్లల తెలివి గురించి గానీ మన పెద్దల వణుకు గురించి గానీ తీర్పు చెప్పేవాళ్లను ఒక్కటే అడుగుదాం: కొలిచి చూశారా?