రూట్ కెనాల్ చేయించినా నొప్పేనా?

ప్ర: నా వయసు 34. మాది శంషాబాద్. దుబాయ్‌లో ఉద్యోగం. ఏడాది కిందట అక్కడే పైవరుసలో కుడివైపు మొదటి దవడపన్నుకు రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వేయించుకున్నాను. అయినా గట్టి పదార్థాలు నమిలితే సన్నగా నొప్పి వస్తోంది. మొన్న సెలవుకు వస్తుంటే విమానంలో అది భరించలేనంత అయింది. ఇక్కడ ఎక్స్‌రే తీసి, ‘కాలువలన్నీ నిండే ఉన్నాయి, పన్ను తీసేద్దాం’ అన్నారు. మూడు వారాల్లో తిరిగి వెళ్లాలి. పీకించేసుకోమంటారా?
- ఓ పాఠకుడు, శంషాబాద్

జ: తొందరపడకండి. ఆ పన్నులో ఎవరి కంటా పడని కాలువ ఒకటి మిగిలిపోయిందేమో ముందు చూపించుకోండి.

పంటి లోపలి మెత్తటి గుజ్జు సన్నని కాలువల్లా వేళ్ల చివరిదాకా ఉంటుంది. రూట్ కెనాల్‌లో ఈ కాలువలన్నిటినీ శుభ్రం చేసి మూసేస్తారు. ఒక్కటి వదిలేసినా అందులోని బ్యాక్టీరియా వేరు చివరన ఇన్ఫెక్షన్‌ను రగిలిస్తూనే ఉంటుంది.

మీరు చెప్పిన పన్నుకు సాధారణంగా బుగ్గవైపు రెండు, అంగిలివైపు ఒకటి... మొత్తం మూడు వేళ్లుంటాయి. వేరుకొకటి చొప్పున మూడే కాలువలు అనుకుంటే పొరపాటే. బుగ్గవైపు ముందున్న వేరులో సగానికి పైగా పళ్లలో రెండో కాలువ కూడా ఉంటుంది. అంతకన్నా ఎక్కువ ఉండటం మాత్రం బాగా అరుదు. 2011లో చెన్నై వైద్యులు ఇలాంటి పన్నులోనే ఎనిమిది కాలువలు కనిపెట్టి చికిత్స చేశారు!

మరి ఎక్స్‌రేలో ఎందుకు కనిపించలేదు? ఎక్స్‌రే అంటే నీడే. ఒకరి వెనక ఒకరు నిలబడితే గోడమీద ఒకే నీడ పడుతుంది కదా! కొంచెం పక్కనుంచి మరో ఎక్స్‌రే తీస్తే ఆ నీడలు విడిపడతాయి. నింపిన మందు వేరు మధ్యలో కాకుండా ఓ పక్కకు కనిపిస్తే, రెండోవైపు ఇంకో కాలువ ఉందేమోనని అనుమానించాలి. తర్వాత క్యాప్ తీసి, మైక్రోస్కోప్‌తో పంటి గది అడుగును పరిశీలిస్తారు. అక్కడి నల్లటి గీతలు కాలిబాటల్లా కాలువల ద్వారాలకు దారి చూపుతాయి. నాలుగో ద్వారంపై సాధారణంగా పంటి పదార్థం కప్పుకొని ఉంటుంది. దాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో జాగ్రత్తగా తొలగిస్తారు. అప్పటికీ అనుమానం ఉంటే సీబీసీటీ స్కాన్‌లో పన్నును పొరలు పొరలుగా చూడొచ్చు. అయితే రేడియేషన్ మామూలు ఎక్స్‌రే కన్నా ఎక్కువ కాబట్టి అవసరమైతేనే, ఆ పన్ను వరకే తీయించుకోవాలి.

ఇక విమానం సంగతి. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తులో ఉంది. విమానం పైకెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000-8,000 అడుగుల ఎత్తున్న కొండమీద ఉన్నంతకు తగ్గిపోతుంది. అప్పుడు లోపల చిక్కుకున్న గాలి వ్యాకోచించి వాపు ఉన్నచోట నొప్పి పెడుతుంది. అంటే విమానం జబ్బు తేలేదు, ఉన్నదాన్ని బయటపెట్టిందంతే. అయితే పై దవడపళ్ల వేళ్లకు సైనస్ దగ్గరగా ఉంటుంది. నొప్పి విమానం దిగేటప్పుడు ఎక్కువైతే సైనస్ కూడా చూపించుకోండి.

రూట్ కెనాల్ నిపుణులను, అంటే ఎండోడాంటిస్టును కలవండి. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ ఈ విభాగం ఉంది. దుబాయ్‌లో తీసిన పాత ఎక్స్‌రేలు ఉంటే తీసుకెళ్లండి. ‘నాలుగో కాలువ కోసం వెతికారా?’ అని అడగడానికి మొహమాటపడొద్దు. అది దొరికితే రూట్ కెనాల్ మళ్లీ చేసి పన్నును నిలబెట్టుకునే అవకాశం ఎక్కువ. ఒకటికి రెండుసార్లు వెళ్లాల్సి రావచ్చు కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. వేరు నిలువునా చీలిపోయి ఉంటే మాత్రం పన్ను తీయక తప్పదు. ఈలోగా ముఖం వాచినా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది తగ్గేదాకా ప్రయాణం వాయిదా వేసుకోండి.