ఇల్లు కట్టి చూశారు... కాపాడి చూస్తారా?

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టి చూడు, చేసిన పెళ్లిని నలభై ఏళ్లు నడిపి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ పని ఆడవాళ్లది కాబట్టి సామెత దాకా రాలేదేమో!

ఇప్పుడీ మాట ఎందుకంటే, ఆమధ్య మా అమ్మ స్థలానికి ఈసీ తీయించాం. 1994లో చీటీ పాడిన డబ్బుతో అమ్మ వేరే ఊళ్లో కొనుక్కున్న నాలుగు సెంట్లు అవి. కాగితం చూసి తెల్లబోయాం. పేరులో ఒక్క అక్షరం మారి, అమ్మ కాస్తా మగమనిషైపోయింది! దస్తావేజులో మాత్రం పేరు సరిగ్గానే ఉంది. ఏ ఊరో, ఏ ఆఫీసో చెప్పను గానీ అక్కడి కుర్రాడు మర్యాదగానే అన్నాడు: "అప్పట్లో ఎక్కించినోళ్లు ఎవరూ లేరండీ. ఆ ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయిందండీ."

అయిపోయిందా? మరి మా అమ్మ స్థలం అయిపోలేదే!

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముణ్ణి అడిగాను. "ప్రాజెక్టు వేరు, ప్రోడక్టు వేరక్కా" అన్నాడు. ఏం కావాలో అడిగి తెలుసుకోవడం, డిజైన్ గీయడం, ప్రోగ్రాం రాయడం, పరీక్షించడం, ప్రారంభోత్సవం... ఇక్కడితో ప్రాజెక్టు పూర్తి. దానికి గడువుంటుంది, బడ్జెట్ ఉంటుంది. తయారైన వస్తువు జీవితం మాత్రం ఆ రోజే మొదలవుతుంది. జనం దాన్ని వాడతారు, తప్పులు బయటపడతాయి, చట్టాలు మారతాయి, అది పాతబడుతుంది, చివరికి మరొకటి దాని చోటికి వస్తుంది. మధ్యలో ప్రతి మరమ్మతూ మళ్లీ ఓ చిన్న ప్రాజెక్టే.

నాకు వెంటనే అర్థమైంది. పాలకొల్లులో మాది పెంకుటిల్లు. కట్టింది ఒక్కసారే. వానల ముందు పెంకులు సర్దించడం మాత్రం ఏటా ఉంటుంది.

మన రిజిస్ట్రేషన్ శాఖ కథే చూడండి. ఒకప్పుడు దస్తావేజుల్ని చేత్తో పుస్తకాల్లోకి ఎత్తి రాసేవారు. ఈసీ కావాలంటే ఆ పుస్తకాలన్నీ తిరగేయాలి, రోజులు పట్టేది. 1998 నవంబరు 4న ఉమ్మడి రాష్ట్రంలో 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. రోజుల పని నిమిషాల్లోకి దిగింది. వెనకటి దస్తావేజుల వివరాలు కూడా కూర్చుని ఎక్కించారు. 1983 నుంచి ఈసీ కంప్యూటర్లో దొరుకుతోందంటే అది వాళ్ల కష్టమే. కాదనను.

ఆ తర్వాత 2001లో ఈసేవ, 2011లో మీసేవ, 2023లో రిజిస్ట్రేషన్లకు కార్డ్ 2.0 వచ్చాయి. 2025 జనవరి 30న వాట్సాప్‌లో 161 సేవలతో 'మన మిత్ర' మొదలైంది. ప్రతిదానికీ ప్రారంభోత్సవం జరిగింది. కానీ గుమ్మం ఎంత కొత్తదైనా, లోపలి రాతలో పేరు తప్పుగా ఉంటే ఆ తప్పే మన చేతికొస్తుంది.

పక్క రాష్ట్రంలో 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. తప్పులు దిద్దించుకునే దారి సరిగ్గా లేదని రైతులు మొత్తుకున్నారు. అయిదేళ్లు నిండకుండానే, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. కొత్త చట్టంలో అప్పీలుకు చోటిచ్చారు. ఆ దారి మొదట్లోనే వేసి ఉంటే ఎందరికి తిరుగుళ్లు తప్పేవో!

ఇది ఆడవాళ్ల పేజీలో ఎందుకంటారా? ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లో చట్టం చేసింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. చట్టం ఇచ్చిన హక్కును కాగితం మీద చూపించేది మన పేరే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారేది మనకి. ఆధార్‌లో ఒకటి, దస్తావేజులో ఒకటి ఉండేదీ మనకే. అక్షరం తప్పితే ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందీ మనమే.

ఇల్లు మారేటప్పుడు మనం ఏం చేస్తాం? పాతింట్లో సామాను లెక్కపెట్టి, కొత్తింట్లో దించాక మళ్లీ లెక్క చూస్తాం. పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి వివరాలు మార్చేటప్పుడు ప్రభుత్వం చేయాల్సిందీ అదే. ఇకపై ఏ కొత్త యాప్ ప్రారంభించినా, దీన్ని ఎన్నేళ్లు ఎవరు చూస్తారు, తప్పుంటే ఎవరు దిద్దుతారు, ఎన్నాళ్లలో దిద్దుతారు అని మనం అడగాలి.

ఈలోగా మన వంతు పని ఒకటుంది. బీరువాలో పట్టుచీర కింద దాచిన దస్తావేజు తీయండి. ఓ ఈసీ తెప్పించి, పేరు, సర్వే నంబరు, హద్దులు పక్కపక్కన పెట్టి చదవండి. అసలు కాగితం మాత్రం ఎవరడిగినా వదలకండి.

అమ్మ పేరు దిద్దించడానికి మాకు ఏడు నెలలు పట్టింది. కొత్త ఈసీ చేతికిచ్చిన రోజు, అమ్మ కళ్లజోడు పెట్టుకుని తన పేరును రెండుసార్లు చదువుకుంది. "ఇప్పుడు నేనేనే!" అంది.