ఎవరి బిందెతో కొలవాలి?

నీళ్ళు మంచివో కావో తేల్చటానికి మన యిళ్ళల్లో పూర్వంనుంచీ వున్న పరీక్ష ఒక్కటే: పప్పు వుడకాలి. కందిపప్పు మెత్తగా వుడికితే మంచినీళ్ళు, పలుకు మిగిలితే వుప్పునీళ్ళు. పరీక్ష చెడ్డదేమీ కాదు. కాని కొన్ని విషాలు పప్పును చక్కగా వుడకనిచ్చి, మనిషిని మాత్రం పదేళ్ళ తర్వాత పట్టుకుంటాయి. ఫ్లోరైడు అటువంటిది. దానికి రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదు.

నల్లగొండ పేరు చెపితే యీ సంగతి గుర్తురాని తెలుగువారు వుండరు. అయితే ఆ జబ్బు ముందుగా లోకానికి తెలిసింది మనుషులవల్ల కాదు, పశువులవల్ల. 1930ల్లో నైజాం రాజ్యంలోనూ, మద్రాసు రాజధానిలోనూ కొన్నిచోట్ల పశువుల యెముకలకు యేదో చేస్తున్నదని పశువైద్యులు గమనించారు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో వెన్ను బిగుసుకుపోయిన మనుషులను డాక్టర్లు పరీక్షించి, కారణం తాగే నీటిలో వున్నదని వైద్య పత్రికలలో ప్రకటించారు. 1955లో నల్లగొండ వంతు వచ్చింది. మనిషిని చూసి జాలిపడటానికి మనకు వేదాంతం అడ్డువస్తుంది గాని, ఎద్దు నడవకపోతే మాత్రం వెంటనే వైద్యుణ్ణి పిలుస్తాం గదా!

కారణం తెలిసింది కనుక కొలత పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు. మన దేశపు ప్రమాణం 1 మిల్లీగ్రాము. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చునన్నారు. అంకె వచ్చింది కనుక యిక పేచీ లేదనుకుంటాం. పేచీ అక్కడే మొదలవుతుంది.

లీటరుకు యెంత వున్నదన్నది నీటి సంగతి. మనిషి ఒంట్లోకి యెంత పోతున్నదన్నది మనిషి సంగతి. నీడపట్టున కూర్చుని ఉద్యోగం చేసే నావంటివాడు రోజుకు రెండు లీటర్లు తాగుతాడనుకోండి. 1.5 చొప్పున 3 మిల్లీగ్రాములు. అదే బావి నీళ్ళు ఎండాకాలంలో చెలకలో మన్ను మోసే కూలిమనిషి అయిదు లీటర్లు తాగితే ఏడున్నర. బావి ఒకటే, కొలత ఒకటే, విషం మాత్రం రెండున్నర రెట్లు. అన్నం, పప్పు, చాయ అన్నీ ఆ నీళ్ళతోనే గదా, అది మళ్ళీ అదనం. పిల్లల సంగతి వేరే చెప్పాలి. పాలపళ్ళ చాటున అసలు పళ్ళు తయారయ్యే వయస్సులో, అంటే ఎనిమిదేళ్ళ లోపున, తాగిన నీళ్ళే పళ్ళమీద గారలు తెస్తాయి. ఆ తర్వాత మంచినీళ్ళు వచ్చినా గార పోదు. న్యాయానికి చెప్పాలంటే, తమ అంకెను ప్రతి దేశమూ అక్కడి జనం యెన్ని నీళ్ళు తాగుతారో చూసుకుని సవరించుకోవాలని ఆ సంస్థవారే రాశారు. అంకె తెచ్చుకున్నంత సులువుగా ఆ మాట మనం తెచ్చుకోలేదు.

నీళ్ళతోనూ కథ ముగియలేదు. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు నల్లగొండ ప్రాంతంలో దొడ్డికాళ్ళ కుర్రవాళ్ళను పరీక్షించారు. మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతూ, పాదాలు ఎడంగా పోయే వంకర అది. జొన్న తిండి తినేవారిలో ఫ్లోరైడు ఒంట్లో ఎక్కువగా నిలుస్తున్నదని వారికి తేలింది. బియ్యం తినేవారికి సరిపడిన అంకె జొన్నగటక తినేవారికి సరిపడదన్నమాట. ఇందులో తప్పు జొన్నది కాదు సుమా. దేవరకొండ వైపు తండాలలో జొన్నరొట్టెమీద బతికిన లంబాడీలను పిలిచి, రొట్టె మానండని చెప్పటం వైద్యం కాదు. నీళ్ళు మార్చాలి. 1975లో నాగపూరు పరిశోధకులు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతిని కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. 2016నుంచి మిషన్ భగీరథ గొట్టాలలో నదినీళ్ళు వస్తున్నవి. సంతోషమే. కాని వంగిన యెముక నీళ్ళు మారితే నిటారు కాదు.

ఈ తిండి చిక్కు మన ఒక్కరిదే కాదు. కెనడా ఉత్తరాన మంచుదేశంలో ఇన్యూట్ జనం వున్నారు. ఫ్యాక్టరీ అన్నది లేని చోటు. సీలు, తిమింగిలం వారి ఆహారం. 1980ల చివర వారి తల్లుల చనుబాలు పరీక్షిస్తే, విద్యుత్ పరికరాలలో వాడే పీసీబీ అనే రసాయనం దక్షిణ క్విబెక్ తల్లుల పాలలోకన్న అయిదు రెట్లు కనిపించింది. ఎక్కడో పారబోసినది గాలిలో, సముద్రంలో ప్రయాణంచేసి, చేపల కొవ్వులోనుంచి సీలు కొవ్వులోకీ, అక్కడనుంచి తల్లిపాలలోకీ చేరింది. డాక్టర్లు పాలు మాన్పించలేదు. పాలవల్ల బిడ్డకు కలిగే మేలు పెద్దదని తూచి చూశారు. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందంలో అటువంటి రసాయనాలను ఆపాలని దేశాలు ఒప్పుకున్నప్పుడు, ఆ ఉత్తరాది జనం మాట ప్రత్యేకంగా రాశారు.

అదే కెనడాలో గ్రాసీ నారోస్ అనే ఆదివాసి వూరి కథ వేరు. 1962నుంచి 1970 వరకు ఎగువనున్న ఒక కర్మాగారం టన్నులకొద్దీ పాదరసాన్ని నదిలోకి వదిలింది. చేపలలో విషం వున్నదని తెలియగానే 1970లో చేపల వ్యాపారం మూసేశారు. చేపలు తినవద్దన్నారు. మాట సరైనదే. కాని చేప పోతే వారు యేం తింటారు, యేం అమ్ముకుంటారు అన్న లెక్క ఆ కాగితంలో లేదు. రోగం వారిదే అయింది, పస్తూ వారిదే అయింది.

మా బొగ్గు పట్టెలో కూర్చుని ఇవన్నీ చదువుతుంటే వూరికే వుండబుద్ధి కాదు. రామకృష్ణాపూర్‌లో ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి యే రంగుకు వస్తుందో ఇల్లాళ్ళకు చెప్పనక్కరలేదు. అయినా పట్నంలో వున్న మాకు కొంత రక్షణ వున్నది. గని కార్మికుడికి కొన్నేళ్ళకొకసారి వైద్యపరీక్ష చట్టమే పెట్టింది. గాలిలోని ధూళికి 2009లో దేశమంతటికీ హద్దులు పెట్టారు. ఘనమీటరు గాలిలో పెద్ద ధూళి రోజుమొత్తం మీద 100 మైక్రోగ్రాములు, సన్నధూళి 60 దాటకూడదు. కాని ఈ మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాలలో గోండులు, కొలాములు, నాయకపోళ్ళు వున్నారు. వారికి ధూళి ముక్కుదారినే రాదు. ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది, తెల్లవారకముందే నేలమీదనుంచి ఏరి, నేలమీదనే ఎండబెడతారు. ఎండాకాలంలో తునికాకు కోసి కట్టలు కడతారు. వాగు ఎండితే ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తోడుకుంటారు. బొగ్గులోనూ దాని బూడిదలోనూ పాదరసం, సీసం, ఆర్సెనిక్ వంటివి అతి కొద్ది పాళ్ళలో వుంటాయి. గాలిని పీల్చి తూకం వేసే యంత్రం ఊపిరి లెక్క చెపుతుంది. పువ్వు లెక్క, ఆకు లెక్క, చెలమ లెక్క అది చెప్పదు.

ఇప్పపువ్వులో విషం వున్నదని నేననటం లేదు. పరీక్షించే జాబితాలో ఇప్పపువ్వు వుండాలంటున్నాను. ఆ పువ్వును వద్దనే మాట అంతకన్న ఆలోచించి అనాలి.

ఇంకొక చిక్కు నా వృత్తికి సంబంధించినది. కొత్త గనికో, కర్మాగారానికో ముందు ప్రజాభిప్రాయ సభ పెడతారు. పెద్ద నివేదికకు తెలుగులో సంగ్రహం ఇస్తారు. ‘ప్రమాదం’ అని వుంటుంది అందులో. తెలుగులో ప్రమాదమంటే బస్సు బోల్తాపడటం. ఇక్కడ చెప్పదలచినది అది కాదు. ఇప్పుడేమీ కనపడక, ఎప్పటికో రాగలిగినది. దానికి మన యిళ్ళల్లో ‘ముప్పు’ అనే చక్కని మాట వున్నది. అయినా తెలుగు పంతుళ్ళం ‘సంభావ్యత’ దాకా పోయి వస్తాం. పైగా గోండి, కొలామీ ద్రావిడ భాషలే అయినా తెలుగు కావు. గోండి మాట్లాడే ముసలమ్మకు ఆ సంగ్రహం యెవరు చదివి చెపుతారు?

కనుక ఊరికి పరీక్షలకు వచ్చేవారు సీసాలతోబాటు నాలుగు ప్రశ్నలు కూడా తెచ్చుకోవాలి. రోజుకు యింటికి యెన్ని బిందెలు? అందులో తాగటానికెన్ని? పొలానికి పోయినప్పుడు యెక్కడ తాగుతారు? వానలు లేని నెలల్లో బియ్యం అయిపోతే యేం తింటారు? వీటికి జవాబులు సభలో కుర్చీమీద కూర్చున్న పెద్దమనిషికి తెలియవు. నీళ్ళు మోసే అక్కనో, పువ్వు ఏరే అవ్వనో అడగాలి. నీటి నమూనాను వానాకాలంలో ఒకసారి తీస్తే చాలదు. వాగు ఎండి, ఊరంతా ఒక్క చెలమ దగ్గరికి చేరే చైత్ర వైశాఖాలలో ఇంకొకసారి తియ్యాలి.